ఫ్యాండమ్ గ్రూపుల్లో పడగ్గది కబుర్లు: ఎక్కడ ఆపమనాలి, ఎలా ఆపమనాలి?

నిద్రలేని_రీడర్

అందరికీ నమస్తే. నాకొచ్చిన ఇబ్బంది చిన్నదో పెద్దదో మీరే తేల్చాలి.

మాది ఒక యానిమేషన్ సిరీస్ ఫ్యాండమ్ (అభిమానుల గుంపు), డిస్కార్డ్ అనే చాట్ యాప్‌లో మా సర్వర్. సభ్యులు చాలామందే ఉన్నా రోజూ మాట్లాడేది ఓ పాతికమంది. నేను మోడ్‌ని (సర్వర్ నడిపే మోడరేటర్‌ని) కాదు. ఫ్యాన్ ఫిక్షన్ (ఆ పాత్రలతో అభిమానులు రాసే కథలు) చదువుతాను, కామెంట్లు పెడతాను, అంతే. మా దగ్గర 18+ కథలకు విడిగా ఛానెల్ ఉంది. దాంతో నాకు పేచీ లేదు, నేనూ అందులో ఉన్నాను.

పేచీ ఒక మెంబర్‌తో. మనిషి మంచిది. బాగా రాస్తుంది, కొత్తగా రాసేవాళ్ళ కథలు ఓపిగ్గా చదివి దిద్దిపెడుతుంది. కానీ ఏ కబురు మొదలైనా నాలుగు మెసేజ్‌లు తిరిగేసరికి తన సొంత పడగ్గదిలోకి తీసుకెళ్తుంది. మొన్న కొత్త ఎపిసోడ్‌లో ఇద్దరు పాత్రలు ఒకే గొడుగు కింద నిలబడే సీన్ గురించి జనరల్‌లో (అందరూ ఉండే ఛానెల్‌లో) మాట్లాడుకుంటున్నాం. ఒకరు రంగుల గురించి, ఇంకొకరు ఆ సీన్‌లో మాటలే లేకపోవడం గురించి. ఆవిడ వచ్చి "ఇది చూశాక నేనూ నా పార్టనరూ..." అని మొదలుపెట్టి, ఏం చేశారో, ఏది కుదిరిందో, ఏది కుదరలేదో మొత్తం రాసింది. కింద ఎవరో ఒక నవ్వు ఎమోజీ పెట్టారు. ఇంకెవరో టైప్ చేస్తున్నట్టు చుక్కలు కనిపించాయి, ఆగిపోయాయి. మళ్ళీ కనిపించాయి, మళ్ళీ ఆగాయి. గొడుగు సీన్ చర్చ అక్కడితో సరి.

ఒకరు ధైర్యం చేసి "ఇది జనరల్‌లో వద్దేమో" అన్నారు. దానికి "కింక్ షేమింగ్ చేయకండి, ఫ్యాండమ్ అంటేనే సేఫ్ స్పేస్" అని జవాబు. అంటే ఒకరి లైంగిక ఇష్టాల్ని చూసి సిగ్గుపడేలా చేయొద్దని. చివరికి అన్నవాళ్ళే సారీ చెప్పారు!

ఇబ్బందిపడటం నా బుద్ధి ఇరుకుతనమా? కాదంటే ఆవిడకి ఎలా చెప్పాలి?

కోతికొమ్మచ్చి

టైపింగ్ చుక్కలు వచ్చి పోవడం అనే బాధ మాకు తెలుసు. ఆ చుక్కల వెనక ఉన్నది నేనే, ప్రతి సర్వర్‌లోనూ.

గోడమీద_పిల్లి

నేను కాస్త అటువైపు మాట్లాడతాను, తిట్టుకోకండి.

మనం పొద్దస్తమానం చదివేది ఏంటి? ఇద్దరు కల్పిత పాత్రలు మంచమెక్కే కథలు. ఎవరు ఎవరితో, ఎలా, ఎన్ని రకాలుగా అని పేజీలకు పేజీలు చర్చిస్తాం. అదే ఒక బతికున్న మనిషి "నాకు ఇలా జరిగింది" అంటే మాత్రం పవిటలు సర్దుకుంటాం. పాత్రలకు ఉన్న స్వేచ్ఛ మనుషులకు లేదా? బయట ప్రపంచంలో ఆడవాళ్ళు, గే, లెస్బియన్ మనుషులు ఈ మాటలు నోరు విప్పి మాట్లాడే చోటు ఎక్కడుంది? ఫ్యాండమ్ వాళ్ళకి దొరికిన కొద్దిపాటి చోటు. అక్కడ కూడా "మర్యాద" అంటూ మొదలుపెడితే ఇక మిగిలేదేముంది?

ఒకరికి ఇబ్బందిగా ఉంటే స్క్రోల్ చేసుకుని పోవచ్చు. ఎవరూ కట్టేసి చదివించట్లేదు కదా.

ఇంకుమరక

@గోడమీద_పిల్లి, 18+ కథలు రాసేదాన్నే కాబట్టి నన్ను జవాబు చెప్పనివ్వండి.

నేను ఆర్కైవ్ ఆఫ్ అవర్ ఓన్ అనే ఫ్యాన్ ఫిక్షన్ సైట్‌లో ఒక కథ పెట్టాలంటే ముందు రేటింగ్ ఎంచుకోవాలి. అందరికీ, టీనేజ్ పైన, మెచ్యూర్, ఎక్స్‌ప్లిసిట్, లేదా రేటింగ్ ఇవ్వను అని. తర్వాత హెచ్చరికల గడి నింపాలి. ఆ తర్వాత జంట పేరు, ట్యాగులు, చిన్న పరిచయం. ఇన్ని దాటాక కూడా, లాగిన్ కాని మనిషి నా ఎక్స్‌ప్లిసిట్ కథ మీద నొక్కితే కథ రాదు. "ఇందులో పెద్దల విషయం ఉండొచ్చు, ముందుకెళ్తారా?" అని అడిగే పేజీ వస్తుంది. సరేనంటేనే కథ. అంటే నా కథ చదివిన ప్రతి ఒక్కరూ ఏం చదవబోతున్నారో తెలిసి, కోరి చదివినవాళ్ళే. వెనక్కి పోవడానికి వాళ్ళకి బోలెడు అవకాశాలు దొరికాయి.

జనరల్ ఛానెల్‌లో మెసేజ్‌కి ఇవేవీ లేవు. గొడుగు సీన్ కోసం వచ్చిన మనిషి కళ్ళబడేసరికే చదవడం అయిపోతుంది. స్క్రోల్ చేయాలంటే అది ఏమిటో ముందు తెలియాలి, తెలియాలంటే చదవాలి. బస్సులో పక్క సీటు మనిషి ఫోన్ స్పీకర్‌లో పెట్టి మాట్లాడుతుంటే చెవులు మూసుకోలేం చూడండి, అలా ఉంటుంది అది.

ఇంకో తేడా కూడా ఉంది, నాకు ఇదే ముఖ్యం. కథలో సీన్ బాగాలేదని మీరు అనొచ్చు. "ఈ జంట నాకు కుదరదు" అని మూసేయొచ్చు. పాత్రలు నొచ్చుకోవు. మనిషి తన సంగతి చెప్పాక ఏం అంటారు? బాగుందంటే అదో రకం, బాగాలేదంటే మరీ ఘోరం, మాట్లాడకపోతే అలక. వినేవాడికి సరైన జవాబే లేని పరిస్థితి అది. ఆ చుక్కలు వచ్చి పోయింది అందుకే.

పాత_అభిమాని

ఇక్కడ కొంచెం చరిత్ర చెప్పకపోతే "కింక్ షేమింగ్" అనే మాట అంత తొందరగా ఎందుకొస్తుందో అర్థం కాదు. ఓపిక లేనివాళ్ళు దాటెయ్యండి.

ఫ్యాన్‌ఫిక్షన్ డాట్ నెట్ అనే కథల సైట్ 2002లో పెద్దల రేటింగ్ కథల్ని నిషేధించింది. ఎన్నో ఏళ్ళ రాత అక్కణ్ణుంచి పోయింది. 2007 మే నెలలో లైవ్‌జర్నల్ అనే బ్లాగుల సైట్ ఒక్కసారిగా వందల ఖాతాలు ఆపేసింది. ప్రొఫైల్‌లో ఆసక్తుల జాబితా చూసి ఆపారు. దాంతో కల్పిత కథలు రాసేవాళ్ళతో పాటు, తమకు జరిగిన లైంగిక హింస గురించి ఒకరికొకరు ధైర్యం చెప్పుకునే గుంపులు కూడా ఎగిరిపోయాయి. ఆపేసిన ఖాతా పేరు మీద అడ్డగీత పడేది కాబట్టి దాన్ని స్ట్రైక్‌త్రూ అని ఇప్పటికీ చెప్పుకుంటాం. తర్వాత చాలా ఖాతాలు తిరిగిచ్చారు, కానీ నమ్మకం పోయింది. అదే ఏడాది అభిమానులే ఓ సంస్థ పెట్టుకున్నారు, ఇంకుమరక గారు చెప్పిన ఆర్కైవ్‌ని నడిపేది అదే. 2009 నవంబర్‌లో ఆర్కైవ్ అందరికీ తెరుచుకుంది, 2019లో సైన్స్ ఫిక్షన్ రంగంలో పేరున్న హ్యూగో అవార్డు కూడా వచ్చింది. ఈలోగా టంబ్లర్ అనే ఇంకో బ్లాగుల సైట్ 2018 డిసెంబర్ 17 నుంచి పెద్దల కంటెంట్ తీసేసింది. మళ్ళీ అందరూ మూటాముల్లె సర్దుకున్నారు.

ఇన్నిసార్లు ఇల్లు ఖాళీ చేయించుకున్నవాళ్ళకి "ఇది ఇక్కడొద్దు" అన్న మాట చెవిన పడగానే వెన్నులో జలదరింపు రావడం సహజం. పిల్లి గారి కోపం నాకు అర్థమవుతుంది.

కానీ ఆ రోజుల్లో మేము పోట్లాడింది కథల కోసం. లైవ్‌జర్నల్‌లో సొంత విషయాలు రాసుకునేవాళ్ళు లేక కాదు, బాగా రాసేవాళ్ళు. మహా బాగా రాసేవాళ్ళు! అయితే అక్కడ ఫ్రెండ్స్ లాక్ అని ఉండేది. ఎంచుకున్న మనుషులకే కనిపించేది. పొడుగ్గా ఉంటే "మిగతాది లోపల" అని మడతపెట్టేవాళ్ళు, నొక్కితేనే తెరుచుకునేది. డిస్కార్డ్ జనరల్‌లో ఆ మడత లేదు. చాలా గొడవలకు మనుషుల బుద్ధి కంటే ఇదే పెద్ద కారణమని నా అనుమానం.

కోతికొమ్మచ్చి

స్పాయిలర్ ట్యాగ్ ఉంది కదండీ. మెసేజ్‌కి ముందు రెండు నిలువు గీతలు, వెనక రెండు నిలువు గీతలు. నల్లగా కప్పేస్తుంది. కానీ దాన్ని ఎపిసోడ్ చివర్లో ఎవరు చచ్చారో దాచడానికి మాత్రమే వాడతాం. ఎవరి పడగ్గదికీ ఆ గౌరవం దక్కలేదు.

వెన్నెల_చాటు

చర్చ బాగుంది, కానీ ఒక విషయం ఇప్పుడే విడదీయకపోతే తర్వాత మనకే చుట్టుకుంటుంది.

నేను అమ్మాయిని, నాకు గర్ల్‌ఫ్రెండ్ ఉంది. ఇంతకుముందు ఓ గ్రూపులో "నిన్న మా ఆమెతో కలిసి ఎపిసోడ్ చూశాను, ఏడ్చేసింది" అని రాస్తే, ఒకాయన "పర్సనల్ విషయాలు ఇక్కడ ఓవర్‌షేర్ చేయొద్దు" అన్నాడు. అదే గ్రూపులో వేరొకావిడ "మా ఆయనకి ఈ షో అస్సలు నచ్చదు" అని వారానికోసారి రాస్తుంది. ఆవిడని ఎవరూ ఏమీ అనలేదు. అనాల్సిన పని కూడా లేదు.

నేనెవరినో చెప్పడం వేరు, నేనేం చేస్తానో వర్ణించడం వేరు. "నేను లెస్బియన్‌ని", "నేను ట్రాన్స్", "నాకు సెక్స్ మీద ఆసక్తి ఉండదు" అనేవి పరిచయాలు. ఒక పాత్ర నాకెందుకు అంత నచ్చిందో చెప్పాలంటే ఒక్కోసారి ఈ మాట చెప్పక తప్పదు. ఇలాంటి చర్చ జరిగిన ప్రతిసారీ చివర్లో ఎవరో ఒకరు "అయితే సెక్సువాలిటీ గురించే మాట్లాడొద్దని రూల్ పెడదాం" అంటారు. ఆ రూల్ కింద మొదట మూతపడేది నా నోరు.

నేను వాడే పరీక్ష ఒకటుంది. ఆ వాక్యంలో జంటని మార్చి చదవండి. "మా ఆయన" అన్నచోట మామూలుగా అనిపించింది "మా ఆమె" అన్నచోట ఎక్కువగా అనిపిస్తే, తేడా చదివేవారిలో ఉంది. ఎవరిని పెట్టి చదివినా ఇబ్బందిగానే ఉంటే, అప్పుడు అది నిజంగా ఎక్కువ వివరం. @నిద్రలేని_రీడర్, మీరు చెప్పిన మెసేజ్ నాకు రెండో రకంలాగే అనిపిస్తోంది.

నిద్రలేని_రీడర్

అవునండి, కచ్చితంగా రెండోదే. ఆవిడ పార్టనర్ ఆడో మగో కూడా మాకు తెలియదు. మిగతావన్నీ తెలుసు 😐

గోడమీద_పిల్లి

వెన్నెల_చాటు చెప్పింది ఒప్పుకుంటాను. ఇంకుమరక చెప్పిన "సరైన జవాబే లేదు" అన్నది కూడా సగం ఒప్పుకుంటాను.

మిగతా సగం ఏంటంటే, కొంతమంది సొంత విషయం తెచ్చేది గొప్ప చెప్పుకోవడానికి కాదు. "నాకిలా అనిపిస్తుంది, ఇది మామూలేనా?" అని భయం. డాక్టర్‌ని అడగలేరు, ఇంట్లో అడగలేరు. కథల్లో తమలాంటి పాత్ర కనిపించగానే నోరు పెగులుతుంది. అలాంటి మనిషిని "ఇక్కడొద్దు" అని తోసేస్తే మళ్ళీ జన్మలో నోరెత్తరు. అది కూడా లెక్కలోకి తీసుకోండి.

మోడ్_నంబర్‌టూ

తీసుకుంటాం. నేను వేరే ఫ్యాండమ్‌లో మోడ్‌ని, ఈ రెండు రకాలూ రోజూ చూస్తుంటాను. మీరు చెప్పిన మనిషి సాధారణంగా ఒక్కసారి అడుగుతారు, చిన్న ప్రశ్న, చాలాసార్లు ముందే "అడగొచ్చా?" అని కూడా ఉంటుంది. జవాబు కోసం చూస్తారు. రెండో రకం మనిషి జవాబు కోసం చూడరు, వాళ్ళకి కావలసింది ప్రేక్షకులు. ఎవరైనా మాట మారిస్తే మళ్ళీ తిప్పి అక్కడికే తెస్తారు.

మొదటి రకానికి మేము చేసేది, వెంటనే ఒక థ్రెడ్ తెరిచి "ఇక్కడ మాట్లాడుకుందాం, ఇష్టమున్నవాళ్ళు రండి" అనడం. ఇప్పటిదాకా ఎవరూ అవమానంగా తీసుకోలేదు. విషయం వైద్యానికో హింసకో సంబంధించినదైతే మా వల్ల అయ్యేది తక్కువని కూడా చెప్తాం. కథలు చదివే జనం మంచివాళ్ళే కానీ కౌన్సెలర్లు కారు. అర్ధరాత్రి ఒక పెద్ద దుఃఖం తెచ్చి పదిహేడు మంది అపరిచితుల ముందు పెడితే, అందులో ఒకరిద్దరు పొద్దున్నదాకా నిద్రపోరు.

సైలెంట్_లర్కర్

ఎప్పుడూ రాయను, ఈసారి రాయాలనిపించింది.

నేను ఏసెక్సువల్. 18+ కథలు కూడా చదువుతాను, పాత్రల మీద ప్రేమతో. అది నాకు ఇబ్బంది కాదు. ఇబ్బంది ఎక్కడంటే, ఒకరు తమ సంగతి చెప్పాక రెండోవాళ్ళు చెప్తారు, మూడోవాళ్ళు చెప్తారు, తర్వాత "మరి నీ సంగతేంటి? ఎప్పుడూ మాట్లాడవేం?" అని నా వైపు తిరుగుతారు. సరదాకే అడుగుతారు. కానీ అక్కడ చెప్పకపోతే నేను ముసుగు మనిషిని, చెప్తే నా మీద పాఠం నడుస్తుంది. "ఇంకా సరైన మనిషి దొరకలేదేమో" అన్నవాళ్ళు ఉన్నారు, అదీ ఫ్యాండమ్‌లోనే.

పైన అందరూ వినడం గురించే అంటున్నారు. ఒకరు విప్పితే మిగతావాళ్ళూ విప్పాలన్న ఒత్తిడి గురించి ఎవరూ అనలేదు. అలాంటి ఓ సాయంత్రం తర్వాత నేను ఒక గ్రూపు వదిలేశాను, ఎవరికీ చెప్పకుండా. ఎందుకు వెళ్ళానో ఇప్పటికీ వాళ్ళకి తెలియదు.

చిట్టి_షిప్పర్

అయ్యో. @సైలెంట్_లర్కర్, రాసినందుకు థాంక్స్ అండి.

రంగులపెట్టె

బొమ్మలు వేసేవాళ్ళ వైపు నుంచి ఒక మాట. నాకు ఇది ఛానెల్‌లో జరగదు, డీఎంలో (నేరుగా ఒకరికొకరు పంపుకునే ప్రైవేట్ మెసేజ్‌లో) జరుగుతుంది.

నేను జంటల బొమ్మలు వేస్తాను, కొన్ని పెద్దల బొమ్మలు కూడా. వాటికి వచ్చే మెసేజ్‌ల్లో ఎక్కువ భాగం బంగారం లాంటివి. "ఆ చేతివేళ్ళ దగ్గర నీడ ఎలా వేశారు" అని అడుగుతారు, నేను పొంగిపోతాను. కానీ కొన్ని ఇలా ఉంటాయి: ఆ బొమ్మ చూసి తన ఒంటికి ఏమైందో, తర్వాత తను ఏం చేశాడో రాసి, చివర "ఇది కాంప్లిమెంట్ అండి, ఏమీ అనుకోవద్దు" అని. అది నా బొమ్మ గురించి కాదు బాబూ, నీ గురించి. ఇంకొందరు ఇంకో మెట్టు ఎక్కుతారు. "ఇలాంటివి వేస్తున్నారంటే మీకూ ఇవే ఇష్టం కదా" అని. హత్యల కథలు రాసేవాళ్ళని కత్తి ఎక్కడ దాచావని ఎవరూ అడగరు, మమ్మల్ని మాత్రం అడుగుతారు.

18+ బొమ్మ వేయడం అంటే 18+ సంభాషణకి ఒప్పుకున్నట్టు కాదు. నా ప్రొఫైల్‌లో ఈ ముక్క రాసి పెట్టాను. చదవకుండా వచ్చేవాళ్ళు ఎలాగూ వస్తారు, కానీ బ్లాక్ చేసేటప్పుడు నాకు ఊగిసలాట తగ్గింది.

ఇంకుమరక

@రంగులపెట్టె, కామెంట్ల సెక్షన్‌లోనూ ఇదే. "ఆ సీన్ చదివి మొహం ఎర్రబడింది" అంటే నవ్వుకుంటాను, అది నేను కోరుకున్నదే. ఆ తర్వాత వాక్యంలో కథ మాయమై చదివినాయన దినచర్య మొదలైతే డిలీట్. కామెంట్‌లో నా పాత్రలు ఇంకా కనిపిస్తున్నాయా లేదా అన్నదే నేను చూసుకునే లెక్క.

చిట్టి_షిప్పర్

చిన్న డౌట్. మా సర్వర్‌లో వయసు ఎవరూ అడగరు. చిన్నపిల్లలు ఉంటే?

మోడ్_నంబర్‌టూ

ఇది మర్యాద ప్రశ్న కాదు, భద్రత ప్రశ్న. దీనిలో బేరాల్లేవు.

డిస్కార్డ్‌లో చాలా దేశాల్లో 13 ఏళ్ళకే ఖాతా తెరవొచ్చు. యానిమేషన్ సిరీస్ ఫ్యాండమ్ అంటే పిల్లలు ఉన్నారనే అనుకోవాలి, కనిపించకపోయినా సరే. పెద్దల కబుర్లకు ఉన్న ఛానెల్‌కి సెట్టింగ్స్‌లో వయసు పరిమితి ఆన్ చేయాలి, పేరు చివర 18+ అని తగిలిస్తే చాలదు. మా దగ్గర దానిమీద ఒక రోల్ కూడా ఉంది, అడిగి తీసుకుంటేనే ఆ ఛానెల్ కనిపిస్తుంది.

ఒక పెద్దమనిషి పిల్లలున్న చోట సొంత లైంగిక విషయాలు చెప్పడం, లేదా పిల్లల్ని వాటి గురించి అడగడం జరిగితే "ఆవిడకి ఎలా మెత్తగా చెప్పాలి" అన్న చర్చ ఉండదు. స్క్రీన్‌షాట్, బ్యాన్, డిస్కార్డ్‌కి రిపోర్ట్. డీఎంలో జరిగినా అంతే. "నేను సరదాకి అన్నాను", "వాళ్ళే అడిగారు" అన్నవి వినను. పిల్లల్ని మెల్లగా ఆ మాటలకు అలవాటు చేయడం కొందరి పద్ధతి, మొదట జోకులతోనే మొదలవుతుంది.

చిట్టి_షిప్పర్, మీ మోడ్స్‌కి ఈ పోస్ట్ చూపించండి.

చిట్టి_షిప్పర్

చూపిస్తాను, థాంక్యూ.

పాత_అభిమాని

మనుషులు ఇలా ఎందుకు చేస్తారన్నది ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేనెత్తుతాను. జాన్ సూలర్ అనే మనస్తత్వవేత్త 2004లో ఒక వ్యాసం రాశారు. ఎదురుగా మనిషి లేనప్పుడు నోటికి కట్లు ఎందుకు తెగిపోతాయన్నది విషయం. అసలు పేరు లేకపోవడం, ఎదుటివాళ్ళ మొహం కనిపించకపోవడం, జవాబు వెంటనే రాకపోవడం లాంటి కారణాలు చెప్పారు. ఎదురుగా ఉంటే రెండో వాక్యానికే ఎవరో ఒకరు తల పక్కకి తిప్పుతారు, మనం ఆపేస్తాం. ఇక్కడ తల తిప్పినా కనబడదు. ఆ నవ్వు ఎమోజీని ఆవిడ ప్రోత్సాహం అనుకుని ఉండొచ్చు.

ఆయన ఇంకో ముక్క కూడా అన్నారు, ఈ కట్లు తెగడం చెడుకే కాదు, మంచికీ దారి తీస్తుందని. పిల్లి గారు చెప్పిన "ఇది మామూలేనా" అని అడిగే మనిషి ఆ మంచి వైపు మనిషే.

రెండో కారణం మన జాతి లక్షణం. 2003లో "గీక్ సోషల్ ఫ్యాలసీస్" అని ఒక వ్యాసం నెట్‌లో తిరిగింది, ఫ్యాండమ్ జనం ఇప్పటికీ తలుచుకుంటారు. మనలాంటి గుంపుల్లో పాతుకుపోయే ఐదు భ్రమలు అందులో ఉన్నాయి. మొదటిది: ఎవరినైనా దూరం పెట్టడం పాపం. రెండోది: స్నేహితులంటే నన్ను ఉన్నదున్నట్టు ఒప్పుకోవాలి, ఏ తప్పూ ఎత్తకూడదు. బయట వెలివేసినవాళ్ళం కదా, అందుకని లోపల ఎవరినీ ఏమీ అనం. నిద్రలేని_రీడర్ గారి సర్వర్‌లో చెప్పినవాళ్ళే సారీ చెప్పడం ఈ రెండింటి ఫలితం.

గోడమీద_పిల్లి

పాత_అభిమాని గారూ, మీ జ్ఞాపకశక్తికి దండం. కానీ మనం ఇంతసేపు మాట్లాడినా అడిగినదానికి జవాబు చెప్పలేదు. ఆవిడకి ఏమని చెప్పాలి?

ఇంకుమరక

డీఎంలో చెప్పాలి. అందరి ముందు కాదు. నేనైతే ఇలా రాస్తాను:

"హాయ్, నిన్న జనరల్‌లో మీరు రాసింది నాకు కొంచెం ఇబ్బందిగా అనిపించింది. మీ జీవితం మీద నాకే అభ్యంతరమూ లేదు. కానీ అలాంటివి 18+ ఛానెల్‌లో పెడితే బాగుంటుంది."

సైలెంట్_లర్కర్

18+ ఛానెల్‌లో కూడా అందరికీ సరే కాదండి. నేను అక్కడ ఉన్నది కథల కోసం.

వెన్నెల_చాటు

"మీ జీవితం మీద నాకే అభ్యంతరమూ లేదు" అన్న వాక్యం తీసేయండి. ఎవరూ అడగని సర్టిఫికెట్ అది. నాకు ఇలాంటి మెసేజ్‌లు వచ్చాయి, ఆ వాక్యం దగ్గరే ఒళ్ళు మండుతుంది. అభ్యంతరం ఉందేమో అన్న ఆలోచన అక్కడే మొదలవుతుంది. "అందరికీ ఇబ్బందిగా ఉంది" అని కూడా రాయకండి. వెనకాల అందరూ మాట్లాడుకున్నారనుకుని కుమిలిపోతారు. మీ ఇబ్బంది మీదిగా చెప్పండి చాలు.

కోతికొమ్మచ్చి

"కొంచెం" అనే మాట కూడా తీసేయండి. కొంచెం అంటే పర్లేదనుకుంటారు. స్వానుభవం.

మోడ్_నంబర్‌టూ

ఏం వద్దంటున్నారో దానితో పాటు ఏం కావాలో కూడా చెప్పండి. గొడుగు సీన్ గురించి ఆవిడ ఏమనుకుందో మీకు నిజంగా వినాలని ఉంటే అది రాయండి. ఉంటేనే. తేనె పూసిన అబద్ధం రెండో రోజే బయటపడుతుంది.

ఆవిడ మళ్ళీ అదే చేస్తే డీఎంలు ఆపి మోడ్స్‌కి వదిలేయండి. ఒక మెంబర్ ఇంకో మెంబర్‌ని పదే పదే దిద్దుతూ ఉంటే అది వేరే గొడవ అవుతుంది. మోడ్స్ దగ్గర టైమ్‌అవుట్ లాంటివి ఉంటాయి, వాళ్ళ తలనొప్పి వాళ్ళని పడనివ్వండి.

నిద్రలేని_రీడర్

సరే, మీ అందరి మాటలూ కలిపి ఇది రాశాను. పంపే ముందు చూడండి:

"హాయ్, జనరల్‌లో గొడుగు సీన్ గురించి మాట్లాడుతున్నప్పుడు మీరూ మీ పార్టనరూ గురించి రాసిన వివరాలు నాకు ఇబ్బందిగా అనిపించాయి. జనరల్‌లో అలాంటివి వద్దని అడుగుతున్నాను. ఆ సీన్‌లో వాళ్ళు మాట్లాడుకోకపోవడం గురించి మీరు మొదట అనబోయి ఆగారు, అది వినాలని ఉంది."

వెన్నెల_చాటు

పంపించెయ్యండి.

కోతికొమ్మచ్చి

నేనైతే ఇంకో గంటసేపు చుక్కలు చూపించి ఆపేసేవాణ్ణి. మీరు పంపండి.

దారినపోయే_దానయ్య

ఇంతకీ ఏ సర్వర్? ఏం రాసిందో ఎవరైనా స్క్రీన్‌షాట్ పెట్టండి 😄

మోడ్_నంబర్‌టూ

వద్దు. ఆవిడ ఆ గ్రూపులో చెప్పింది ఇక్కడికి మోసుకురావడం ఆవిడ చేసినదానికంటే పెద్ద తప్పు. ఒకరు ఎక్కువ చెప్పారని దాన్ని ఇంకా ఎక్కువమందికి పంచుతారా? రిపోర్ట్ చేయడానికి మోడ్స్‌కి పంపే స్క్రీన్‌షాట్ వేరు, నవ్వుకోడానికి తిప్పేది వేరు.

పాత_అభిమాని

+1. అసలు పేరు బయటపడి ఉద్యోగం దాకా వెళ్ళిన గొడవలు ఫ్యాండమ్‌లో చాలానే చూశాం. కలం పేరు వెనక మనిషి ఉంటుంది నాయనా.

నిద్రలేని_రీడర్

అప్‌డేట్ అడిగారు కాబట్టి.

పంపాను. మొదటి జవాబు ముక్తసరిగా "ఓకే. నోటెడ్." ఆ రెండు ఫుల్‌స్టాప్‌లు చూసి నాకు టెన్షన్. తర్వాత రోజంతా ఆవిడ సర్వర్‌లో కనిపించలేదు. మర్నాడు పెద్ద మెసేజ్ వచ్చింది. ఆవిడ పాత గ్రూపులో అందరూ అలాగే మాట్లాడుకునేవాళ్ళట, అక్కడ మాట్లాడని మనిషే వింత మనిషట. ఇక్కడ ఎవరూ ఏమీ అనకపోతే అందరికీ సరేననుకుందట. "నవ్వు ఎమోజీ పెట్టారు కదా" అంది! పాత_అభిమాని గారూ, మీరు అక్షరాలా చెప్పారు.

పూర్తిగా సంతోషపడిందని చెప్పను. "ఇదివరకే ఒకరు చెప్పినప్పుడు నేను విసుక్కున్నాను, అయినా మీరు మొదటిరోజే చెప్పి ఉండాల్సింది" అని కూడా అంది. మాటల్లో కొంచెం దూరం వచ్చింది, నిజమే. కానీ సీన్ గురించి తన మాట చెప్పింది. చాలా బాగా చెప్పింది.

ఇప్పుడు మా మోడ్స్ రెండు ఛానెళ్ళు చేద్దామంటున్నారు. 18+ కథలకు ఒకటి, 18+ సొంత కబుర్లకు ఇంకొకటి, రెండింటికీ విడివిడి రోల్స్. సైలెంట్_లర్కర్ గారి మాట నేనే వాళ్ళకి చెప్పాను, పేరు చెప్పకుండా. రూల్ ఇలా రాశారు: "జనరల్ ఛానెల్‌లో లైంగికత గురించి మాట్లాడరాదు."

వెన్నెల_చాటు

చెప్పానా! ఇదే, సరిగ్గా ఇదే. ఈ రూల్ ప్రకారం నేను "మా ఆమె ఏడ్చేసింది" అని రాస్తే డిలీట్ చేయొచ్చు. మార్పించండి.

మోడ్_నంబర్‌టూ

మా రూల్ కాపీ చేసుకోండి, అభ్యంతరం లేదు: "సొంత లైంగిక అనుభవాల వివరాలు, ఎదుటివారిని వాటి గురించి అడగడం, 18+ కబుర్ల ఛానెల్ బయట వద్దు. ఎవరైనా తామెవరో, ఎవరిని ప్రేమిస్తున్నారో చెప్పడం ఈ రూల్ కిందకి రాదు." రెండో వాక్యం లేకుండా మొదటిది పెట్టకండి. మేము అలా పెట్టిన మొదటి వారంలోనే ఒకాయన ప్రతి గే జంట బొమ్మనీ రిపోర్ట్ కొట్టాడు.

సైలెంట్_లర్కర్

"ఎదుటివారిని అడగడం" కూడా పెట్టినందుకు థాంక్స్. డీఎంకి కూడా వర్తిస్తుందా?

మోడ్_నంబర్‌టూ

వర్తిస్తుంది. "డీఎంతో సహా" అని కలపండి @నిద్రలేని_రీడర్.

నిద్రలేని_రీడర్

కలిపి పంపాను. ఒక మోడ్ "ఇంత పొడుగు రూల్ ఎవరు చదువుతారు" అంటున్నారు. పిన్ చేయమని పోట్లాడుతున్నాను.